తీసేసిన పదిహేడో సూత్రం

1784లో జాన్ వెస్లీకి 81 ఏళ్లు. కొత్తగా స్వాతంత్ర్యం తెచ్చుకున్న అమెరికాలో తన వెంట నడిచే మెథడిస్టుల కోసం ఆయన ఆ ఏడాది ఒక ఆరాధన పుస్తకం సిద్ధం చేశాడు. ఆయన పుట్టి పెరిగిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు 39 మతసూత్రాలున్నాయి. వాటిని ముందు పెట్టుకుని కొన్ని కుదించాడు, కొన్ని కొట్టేశాడు. చివరికి 24 మిగిలాయి. ఆ ఏడాది క్రిస్మస్ రోజుల్లో బాల్టిమోర్‌లో సమావేశమైన అమెరికా మెథడిస్టులు తమ దేశ పాలకుల గురించి ఇంకొకటి చేర్చుకుంటే 25 అయ్యాయి. వెస్లీ కలం వేటు పడ్డ వాటిలో పదిహేడోది ఒకటి. లోకం పుట్టక ముందే దేవుడు కొందరిని రక్షణకు ఏర్పరచుకున్నాడన్న సిద్ధాంతాన్ని చెప్పే సూత్రం అది.

ఆ 25 సూత్రాల సంఘమే తర్వాత వికారాబాదుకు, తాండూరుకు వచ్చింది. తాండూరు దగ్గరి కరణ్‌కోట చుట్టుపక్కల పల్లెల్లో మెథడిస్టు కుటుంబాలు తరతరాలుగా విన్న క్రైస్తవంలో ఆ పదిహేడో సూత్రం లేదు. లేని దాని గురించి చరిత్ర రాయడం వింతగా అనిపించవచ్చు. కానీ ఒక ప్రాంతానికి మతం ఏం తెచ్చిందో తెలుసుకోవాలంటే దారిలో దేన్ని వదిలిపెట్టి వచ్చిందో కూడా చూడాలి.

ముందు ఆ సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో చూద్దాం. అపొస్తలుడైన పౌలు రోమా పట్టణంలోని విశ్వాసులకు రాసిన లేఖలో 9వ అధ్యాయం దీనికి మూలం. తల్లి కడుపులో ఉండగానే, మంచీ చెడూ ఏదీ చేయకముందే, కవలల్లో యాకోబును దేవుడు ఎన్నుకున్నాడు, ఏశావును ఎన్నుకోలేదు. కుమ్మరి చేతిలో మట్టికి ఎదురు ప్రశ్న వేసే హక్కు ఉంటుందా అని పౌలు అడుగుతాడు. ఈ రెండు పోలికలే పదహారు వందల ఏళ్లుగా వాదానికి దినుసులయ్యాయి. అయితే పౌలును ఆ రోజు వేధించిన ప్రశ్న ఫలానా మనిషి పరలోకానికి పోతాడా, నరకానికి పోతాడా అన్నది కాదు. దేవుడు ఏర్పరచుకున్న ఇశ్రాయేలు జనమే క్రీస్తును కాదంటే దేవుని మాట తప్పినట్టేనా అన్నది ఆయన బాధ. 9వ అధ్యాయంలో మొదలైన ఆ ప్రశ్న 11వ అధ్యాయం చివరలో అందరి మీదా కరుణ అన్న మాట దగ్గరికి చేరుతుంది. 9 దగ్గరే పుస్తకం మూసేసినవాళ్లకు ఒక దేవుడు, 11 దాకా చదివినవాళ్లకు ఇంకొక దేవుడు కనిపిస్తాడని నా అభిప్రాయం.

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీన్ (354–430) దీన్ని ఒక్కొక్క మనిషి ప్రశ్నగా మార్చాడు. ఒకే ప్రసంగం విన్న ఇద్దరిలో ఒకడు నమ్ముతాడు, ఒకడు నమ్మడు. తేడా ఎక్కడ నుంచి వచ్చింది? మనిషి సొంత గుణం నుంచి వచ్చిందంటే నమ్మినవాడికి గర్వపడే హక్కు వస్తుంది. మనిషి తన ప్రయత్నంతో మంచివాడు కాగలడన్న పెలాగియస్‌తో అగస్టీన్ తగాదా అంతా ఇక్కడే. నమ్మే మనసు కూడా దేవుడిచ్చిన వరమే, ఎవరికి ఇవ్వాలో ముందే ఆయన నిర్ణయించుకున్నాడు అని అగస్టీన్ తేల్చాడు. ఈ మాట హద్రుమేతం మఠంలోని సన్యాసుల చెవిన పడగానే వాళ్లొక ప్రశ్న పంపారు: అంతా దేవుడే చేస్తే, తప్పు చేసినప్పుడు పెద్దలు మమ్మల్ని మందలించడం దేనికి? మాకోసం ప్రార్థన చేస్తే సరిపోదా? దానికి జవాబుగా అగస్టీన్ ఒక గ్రంథమే రాయవలసి వచ్చింది. తెలుగు పల్లెలో ఎవరైనా బోధకుణ్ణి ఈనాటికీ అడిగే ప్రశ్న ఇదే.

జాన్ కాల్విన్ పేరు ఈ సిద్ధాంతానికి ముడిపడిపోయింది. ఆయన కనిపెట్టింది కాకపోయినా, కొందరిని రక్షణకు, కొందరిని నాశనానికి అని రెండు వైపులా కచ్చితంగా చెప్పినవాడు ఆయన. చెబుతూ, ఈ నిర్ణయం తలచుకుంటే భయం వేస్తుందని తానే ఒప్పుకున్నాడు. 1559లో తన మహాగ్రంథాన్ని చివరిసారి తిరగరాసినప్పుడు ఈ విషయాన్ని దేవుని పాలన గురించి చెప్పే మొదటి భాగంలో పెట్టలేదు. విశ్వాసం, ప్రార్థన అన్నీ చెప్పిన తర్వాత మూడో భాగం చివరలో ఉంచాడు. జెనీవాలో ఆయన మాట విన్నవాళ్లలో ఫ్రాన్సు నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చినవాళ్లు ఎందరో. ఇల్లూ ఊరూ పోయినవాడికి ‘నిన్ను పట్టుకున్న చెయ్యి వదలదు’ అన్న మాట ఎంత ధైర్యమో ఊహించుకోవచ్చు. అదే మాట నిశ్చింతగా కూర్చున్నవాడి నోట్లో పడితే ఎదుటివాణ్ణి తోసేసే కర్ర అవుతుంది. నెదర్లాండ్స్‌లో అర్మీనియస్ (1560–1609) దీన్ని కాదన్నాడు. ఎవరు నమ్ముతారో దేవుడు ముందే ఎరుగును, అందుకే వారిని ఏర్పరచుకున్నాడు, నమ్మకం తర్వాతే ఎన్నిక అన్నాడు. 1618–19లో దోర్ట్ పట్టణంలో కూర్చున్న మహాసభ ఆయన అనుచరుల వాదాన్ని కొట్టివేసింది.

వెస్లీ అర్మీనియస్ వైపు నిలబడ్డాడు. 1739లో బ్రిస్టల్ పట్టణంలో, దగ్గరలోని కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కార్మికుల మధ్య, ఆరుబయట ప్రసంగాలు చేస్తున్న రోజులవి. పూర్వనిర్ణయానికి వ్యతిరేకంగా నోరు విప్పాలా వద్దా అన్న సంశయంలో ఆయన చీట్లు వేశాడు. ప్రసంగించు, అచ్చువేయి అని చీటీ వచ్చింది. అలా బయటికి వచ్చిన ప్రసంగం పేరు ‘ఉచిత కృప’ అన్న అర్థం ఇచ్చేది. కృప అందరికీ ఉచితం, అందరిలోనూ ఉచితం అన్నదే దాని సారం. ప్రాణస్నేహితుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ కాల్వినిస్టు. అమెరికా నుంచి ఆయన దీన్ని ఖండిస్తూ ఉత్తరం రాశాడు, అది అచ్చయింది, ఉద్యమం రెండుగా చీలింది. ఇద్దరూ తర్వాత రాజీపడ్డారు. వైట్‌ఫీల్డ్ 1770లో చనిపోతే లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. సిద్ధాంతం దగ్గర మాత్రం ఆయన చివరిదాకా కదల్లేదు, 1778లో మొదలుపెట్టిన పత్రికకు అర్మీనియస్ పేరే పెట్టాడు.

ఇక్కడ ఒక అపార్థం తొలగించాలి. మనిషి తన బలంతో దేవుణ్ణి ఎన్నుకుంటాడని వెస్లీ అనలేదు. మనిషి మనసు పాపంతో చచ్చిపడి ఉందని కాల్విన్ ఎంత నమ్మాడో వెస్లీ అంతే నమ్మాడు. అయితే మనిషి అడుగు వేయకముందే దేవుని కృప ప్రతి ఒక్కరి దగ్గరికీ వచ్చి, ‘అవును’ అనడానికీ ‘కాదు’ అనడానికీ తగినంత శక్తి ఇస్తుందని ఆయన బోధ. ముందు నడిచే కృప అది. కాల్విన్ కృపను కాదనడం ఎవరి తరమూ కాదు. వెస్లీ కృప గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తుంది, లోపలికి రమ్మంటేనే వస్తుంది.

ఆ బోధతోనే అమెరికా మెథడిస్టు ప్రసంగీకుడు విలియం టేలర్ 1870లో భారతదేశానికి వచ్చి ఉత్తరాన మొదలుపెట్టి దక్షిణ నగరాల్లోనూ సంఘాలు కూర్చాడు. 1876లో దక్షిణ భారత కాన్ఫరెన్సు ఏర్పడింది. అదే దశకంలో, 1874లో, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం తెరుచుకుంది. తాండూరు, వికారాబాదు ఆ దారిలో స్టేషన్లు. మిషనరీలు పల్లెలకు పోవడానికి ఆ పట్టాలే ఆధారం. మిషన్ల మధ్య పంపకంలో మెదక్ వైపు బ్రిటిష్ వెస్లియన్లకు, వికారాబాదు, తాండూరు, జహీరాబాదు, బీదరు వైపు అమెరికా మెథడిస్టులకు వచ్చింది. రెండూ వెస్లీ ఇంటి బిడ్డలే. కాబట్టి హైదరాబాదుకు పడమట, ఉత్తరాన ఉన్న ఈ నేల మీద క్రైస్తవం దాదాపు అంతా పదిహేడో సూత్రం లేని క్రైస్తవంగానే వేళ్లూనుకుంది. వికారాబాదులో బడి, ఆసుపత్రి లేచాయి. మేరీనాట్స్ పాఠశాల పేరు ఈనాటికీ ఆ ఊరి నోట్లో ఉంది.

ఆ బోధ విన్నవాళ్లెవరు? ఎక్కువగా మాదిగ, మాల వాడల వాళ్లు. వాళ్ల బతుకులో పూర్వనిర్ణయం కొత్త సిద్ధాంతమేమీ కాదు, రోజూ అనుభవించేదే. ఏ ఇంట్లో పుట్టాడో దాన్ని బట్టి ఏ బావి నీళ్లు తాగాలో, ఏ పని చేయాలో తేలిపోయేది. నిజాం రాజ్యంలో భగేలా పద్ధతి ఉండేది. తండ్రి తీసుకున్న అప్పు కింద కొడుకు దొర పొలంలో జీతానికి ఉండిపోవడం, ఆ కొడుకు అప్పు వాడి కొడుక్కు రావడం. 1936లో ప్రభుత్వం దీన్ని అదుపుచేయడానికి నిబంధన తెచ్చిందంటే ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుస్తుంది. పుట్టక ముందే నిర్ణయం అయిపోయింది అన్న మాట ఆ మనిషికి ఓదార్పు కాదు, అప్పు పత్రం. తెలుగు బైబిల్లో ‘విమోచన’ అన్న మాటకు వెల కట్టి విడిపించడం అని అర్థం. భగేలా బతుకు ఎరిగిన చెవికి అది వేదాంత పదంగా వినపడి ఉండదని నేననుకుంటాను.

కష్టం వస్తే ఈ పల్లెల్లో అనే మాటలు వినండి. ‘తలరాత’, ‘నుదుటి రాత’, ‘కర్మ’. ఉర్దూ సాహచర్యంతో వచ్చిన ‘నసీబు’, ‘కిస్మత్’. ‘నసీబుల లేదు’ అని మాదిగవాడలోనూ అంటారు, మసీదు దగ్గరా అంటారు. వీటన్నిటిలో ఒక రాత ఉంది, రాసినవాడు రాసి వెళ్లిపోయాడు. కర్మలో అయితే రాసింది కూడా మనమే, పోయిన జన్మలో. పౌలు చెప్పినది, అగస్టీన్, కాల్విన్ విప్పి చెప్పినది ఇది కాదు. వాళ్ల దృష్టిలో నిర్ణయం ఒక గుడ్డి రాత కాదు, ఒక వ్యక్తి ప్రేమించడం. అర్హత ఏమీ లేనివాణ్ణి కోరి దగ్గరికి తీసుకోవడం. పూర్వనిర్ణయాన్ని తలరాతతో కలిపి చెప్పే ప్రసంగాలు నేను విన్నాను. ఆ పోలిక రెండింటికీ అన్యాయమే. తలరాతకు కారణం అడగకూడదు. ఎన్నికకు మాత్రం కారణం చెప్పారు, ఆ కారణం ఎన్నుకున్నవాడి దయ.

తెలుగు బైబిలు ఈ భావానికి ‘ఏర్పరచుకొను’, ‘ఏర్పాటు’ అన్న మాటలు వాడింది. ఇక్కడ చెవిలో ఇంకొకటి మోగుతుంది, ‘ఏరడం’. కందులకు పేరుపొందిన తాండూరులో చాట ముందు పెట్టుకుని ఆడవాళ్లు రాళ్లు, మట్టిబెడ్డలు ఏరడం ప్రతి ఇంట్లో చూసేదే. ఏరేటప్పుడు చెడ్డది ఏరి పారేస్తాం, మంచిది మిగులుతుంది. దేవుడు ఏరుకోవడం దీనికి తలకిందులు. పారేసినవాటి కుప్పలోంచి ఏరుకోవడం అది. పౌలు కొరింథు వాళ్లకు చెప్పింది ఇదే, లోకం ఎన్నికలేనివారుగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని. వాడల్లో విశ్వాసులు తమను తాము ‘ఏర్పరచబడిన జనం’ అనుకోవడంలో ఈ గౌరవమే ఉంది. పదిహేడో సూత్రం లేకుండానే ఆ మాటలోని తీపిని వాళ్లు వదులుకోలేదు. వెస్లీ కొట్టేసింది ద్వారం మూసే భాగాన్ని. మిగిలిన భాగం పౌలు ఉత్తరాల్లోనే ఉంది, అది చదవడానికి ఏ సూత్రమూ అడ్డుకాదు.

ఈ తగాదా తెలుగువాళ్లకు పూర్తిగా పరాయిదేమీ కాదు. శ్రీవైష్ణవంలో తెంకలై, వడకలై శాఖల మధ్య ఇదే ప్రశ్న నడిచింది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది, తల్లి చెట్టు మీది నుంచి చెట్టు మీదికి దూకుతుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే మెడ దగ్గర నోట కరచుకుని తీసుకుపోతుంది. మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం. మొదటిది వేదాంతదేశికుల వారి బాట, రెండోది పిళ్లై లోకాచార్యుల వారిది. జర్మన్ వేదాంత పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1930లో వెలువడిన తన గ్రంథంలో భారతీయ భక్తిలోని ఈ కృపావాదాన్ని క్రైస్తవ కృపావాదం పక్కన నిలబెట్టి చూశాడు. పోతన గజేంద్రుణ్ణి తలచుకుంటే ఈ రెండు న్యాయాలూ ఒక్క కథలో కనిపిస్తాయి. బలమున్నంత సేపూ పోరాడిన ఏనుగు, బలం పూర్తిగా పోయాక నీవే దిక్కన్నది. అది కోతిపిల్లగా మొదలై పిల్లిపిల్లగా ముగిసిందని చెప్పుకోవచ్చు. మధ్వాచార్యులు ఇంకా ముందుకు వెళ్లి జీవుల్లో ముక్తియోగ్యులు, నిత్యసంసారులు, తమోయోగ్యులు అని స్వభావం చేతనే మూడు తెగలున్నాయన్నారు. కాల్విన్ రెండు వైపుల నిర్ణయానికి మన దేశంలో దగ్గరగా వచ్చేది ఇదే. ఇస్లాంలో దైవ నిర్ణయానికీ మనిషి స్వేచ్ఛకూ మధ్య ముతజిలీలు, అష్అరీలు అనే రెండు వాదాలవాళ్లు తొలి శతాబ్దాల్లోనే తలపడ్డారు. తాండూరు బజారులో వినపడే ‘తఖ్దీరు’ అన్న మాట వెనుక ఆ వాదమంతా ఉంది.

అయితే తెలుగునాట కాల్విన్ వారసులు రాలేదా? వచ్చారు, వెస్లీవాళ్ల కంటే ముందే. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు, జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్, ఎక్కువగా ఆ సంప్రదాయపు వాళ్లే. డెగ్రాంజెస్ మొదలుపెట్టిన సువార్తల తెలుగు అనువాదం ఆయన పోయాక 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఆ శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ కూడా కాల్వినిస్టు బాప్తిస్టే. దేవుడు ఏర్పరచుకున్నవాళ్లను ఆయనే రక్షించుకుంటాడు, మనమెందుకు సముద్రాలు దాటడం అన్న మొద్దుబారిన కాల్విన్ వాదం ఆయన సంఘాల్లోనూ ఉండేది. బాప్తిస్టు బోధకుడు ఆండ్రూ ఫుల్లర్ 1785లో రాసిన పుస్తకం దాన్ని బద్దలు కొట్టింది. ఎన్నిక నిజమే, కానీ ప్రతి వినేవాడూ నమ్మవలసిన బాధ్యత కూడా అంతే నిజమని ఫుల్లర్ చూపించాడు. ఆ వాదం లేకపోతే కేరీ 1793లో కలకత్తా రేవులో దిగేవాడు కాదేమో.

నెల్లూరు, ఒంగోలు బాప్తిస్టు మిషన్ కథ కూడా ఈ ప్రశ్న చుట్టూ తిరిగిందే. ఫలితం లేదని 1853లో అమెరికాలో సభ పెట్టి తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని తర్కించారు. మూసేయలేదు. 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కరువు రోజుల్లో కడుపుకోసం వచ్చారన్న మాట రాకూడదని ఒంగోలు మిషనరీ జాన్ క్లవ్ పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆపినకొద్దీ జనం పెరిగారు. దాన్ని దేవుని ముందు నిర్ణయం అనేవాడూ ఉన్నాడు, యర్రగుంట్ల పేరయ్య లాంటి స్థానిక బోధకులు పల్లెపల్లెకూ కాలినడకన తిరిగిన ఫలం అనేవాడూ ఉన్నాడు. పేరయ్యను అడిగితే రెండూ ఒకటే అనేవాడేమో.

కాల్విన్, వెస్లీ సంప్రదాయాలను ఒక్క పందిరి కిందికి తెచ్చింది 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం. ఆంగ్లికన్లు, బ్రిటిష్ వెస్లియన్లు, ప్రెస్బిటేరియన్ – కాంగ్రిగేషనల్ కూటమి కలిశారు. పూర్వనిర్ణయం నమ్మే సంప్రదాయమూ, దాన్ని కొట్టేసిన సంప్రదాయమూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచాయి. మెదక్ అందులో చేరింది. వికారాబాదు, తాండూరుల మెథడిస్టు సంఘం చేరలేదు. అది 1981లో భారత మెథడిస్టు సంఘంగా స్వతంత్రమైంది. ఐక్య సంఘపు తొలి బిషప్పుల్లో ఒకరైన లెస్లీ న్యూబిగిన్ స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ సంఘం పంపిన మిషనరీ, అంటే కాల్విన్ ఇంటివాడు. 1936 నుంచి తమిళ దేశంలో పనిచేసిన ఆయన ఎన్నిక సిద్ధాంతానికి కొత్త ఊపిరి పోశాడు. దేవుడు ఒకరిని ఎన్నుకునేది మిగతావాళ్లను వదిలేయడానికి కాదు, వాళ్ల దగ్గరికి పంపడానికి. రక్షణ ఆకాశం నుంచి ఎవరికి వారికి విడిగా దిగదు, పొరుగువాడు తలుపు తడితేనే వస్తుంది. అందుకే ఒకరు మరొకరి కోసం ఎన్నిక కావాలి. అబ్రాహామును పిలిచింది సమస్త వంశాల దీవెన కోసమన్న ఆదికాండం కథకు ఇది ఎంతో దగ్గర. వాడలో మొదట అక్షరం నేర్చినవాడే రాత్రిబడి పెట్టి మిగతావాళ్లకు నేర్పిన చరిత్ర చూస్తే న్యూబిగిన్ మాట మనకు పుస్తకంలోది అనిపించదు.

ఇప్పుడు ఈ ప్రశ్న తెలుగు సంఘాల్లో వేరే వేషంలో తిరుగుతోంది. ‘ఒకసారి రక్షణ పొందినాక అది పోతుందా, పోదా?’ బ్రదరెన్ వాళ్లు పోదంటారు. దేవుడు పట్టుకున్నది ఎవరు విడిపిస్తారని వాళ్ల మాట. మెథడిస్టులు, పెంతెకొస్తు వాళ్లు జారిపడే ప్రమాదం ఉందంటారు, అందుకే మెలకువ, ప్రార్థన, ఉపవాసం. దోర్ట్ సభ ఐదో అంశం ఇదే. కరణ్‌కోట లాంటి సిమెంటు ఫ్యాక్టరీ ఊళ్లకు రకరకాల జిల్లాల నుంచి పనికి వచ్చినవాళ్లు తమ ఊళ్ల సంఘాలను వెంట తెచ్చుకుంటారు. షిఫ్టు దిగిన తర్వాత టీ కొట్టు దగ్గర ఈ వాదం పడితే తొందరగా తేలదు. కాల్విన్ పేరు తెలియనివాళ్లూ దోర్ట్ వాదం చేయగలరు.

ప్రతి నవంబరులో ధారూరు దగ్గర మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. దాదాపు వందేళ్లుగా నడుస్తున్న జాతర అది. చెట్ల కింద గుడారాలు వేసుకుని కుటుంబాలు రోజుల తరబడి ఉంటాయి. రాత్రి ప్రసంగం చివర బోధకుడు చేయి చాచి ముందుకు రమ్మని పిలుస్తాడు. వచ్చేవాడికి స్వేచ్ఛ ఉందని నమ్మేవాడే అలా పిలవగలడు. 1739లో వెస్లీ పట్టుబట్టింది దానికోసమే. లేచి నడిచి వెళ్లి మోకరించినవాడు, కొన్నేళ్ల తర్వాత అదే చెట్టు కింద సాక్ష్యం చెబుతాడు. ఆ సాక్ష్యంలో ‘నేనే ఒప్పుకున్న’ అని ఒకసారి, ‘ప్రభువే నన్ను పట్టుకున్నడు’ అని ఇంకొకసారి వినిపిస్తుంది. రెండు మాటలకూ కూర్చున్నవాళ్లు ఆమెన్ అంటారు.